చుక్క చుక్కకీ మంట

షెడ్డు వెనకిల్లు, కొండ మీద నుంచి
చలి మొదలైన వారం

పిచ్చుకా,

క్షేమసమాచారాలు చివర్లో రాస్తాను. ముందు ఇది విను. మీ అన్నయ్య పొయ్యిలో ఇంజనాయిలు పోస్తున్నారు!

నేను తప్పు రాయలేదు, నువ్వు తప్పు చదవలేదు. లారీల కింద పడుకుని డబ్బాల్లోకి కారుస్తారే, ఆ నల్లటి జిడ్డు నూనె, అదే. షెడ్డు వెనక పీపాల నిండా పేరుకుపోయి ఉంది కదా. ఎవరూ పట్టుకుపోరు, ఎక్కడ పారబొయ్యాలో తెలీదు. ఈ ఏడాది వచ్చిన కట్టెలేమో పచ్చివి. రాజెయ్యడానికే ప్రాణం పోతోంది, తీరా అంటుకున్నాక పొగే తప్ప సెగ లేదు. మావయ్యగారు స్వెట్టర్ల మీద స్వెట్టర్లు తొడుక్కుని, పొయ్యికి మొహం ఆనించినంత దగ్గర కూర్చుని, అప్పటికీ వణుకుతున్నారు. "బతుకంతా లారీ ఇంజను పక్కన కూర్చున్న ఒళ్ళమ్మా ఇది. మామూలు వేడి దీనికి ఆనదు" అంటారు. ఆ వణుకు చూడలేక మీ అన్నయ్య ఈ పని మొదలుపెట్టారు.

గోడకి ఒక డబ్బా బిగించారు. దాని అడుగున ఇత్తడి ట్యాపు. ట్యాపు నుంచి సన్నటి రాగి గొట్టం పొయ్యి లోపలికి. లోపల మంట మీద ఇనప పళ్ళెం. ట్యాపు కొంచెం తిప్పితే నూనె చుక్క చుక్కగా కాలే పళ్ళెం మీద పడి భగ్గుమంటుంది.

"ఇదేంటండీ, ఇంట్లోకి లారీని తెచ్చి పెడుతున్నారా?" అన్నాను.

"లారీ కాదు. లారీ తిని వదిలేసిన ఎంగిలి పొయ్యికి పెడుతున్నా" అన్నారు, ఏదో ఘనకార్యంలా.

మొదటి చుక్క పడగానే పొయ్యి హోరుమంది చూడు, కుట్టు మిషను మీద నుంచి నేను ఎగిరిపడ్డాను. కాసేపటికి పొగగొట్టం మెడ దగ్గర ఎర్రబడింది. మావయ్యగారు ఒక్కొక్క స్వెట్టరూ విప్పుతూ వచ్చారు, ఉల్లిపాయ ఒలిచినట్టు. ఆఖరికి బనియన్‌తో కూర్చుని నవ్వారు. ఈ ఇంట్లో అడుగుపెట్టాక ఆయన బనియను చూడడం ఇదే మొదలు.

ఆయన నవ్వు చూసి నాకూ సంతోషమే. కానీ ఆ హోరు వినిపించినప్పుడల్లా కుట్టు ఆపి గుమ్మం దాకా వెళ్ళి నిలబడుతున్నాను. మీ అన్నయ్యకి చెప్తే "చుక్కే కదే, బిందెడు కాదుగా" అంటున్నారు.

ఇంకొకటి. తెల్ల గుడ్డతో బొంత కుడుతుంటే దాని మీద నల్లటి నలక వాలింది. వేలితో తుడిచాను, అరచేతంత పాకింది. నువ్వు లాండ్రీలో చేస్తున్నావు కదా, ఇది ఎలా పోతుందో రాయి.

మేం బాగున్నాం. నువ్వు తిండి మానెయ్యకు.

వదిన


లాండ్రీ వీధి, సముద్రపు ఒడ్డు నుంచి

వదినా,

నీ ఉత్తరం ఇస్త్రీ బల్లల దగ్గర పైకి చదివాను. అందరూ పని ఆపేసి నవ్వారు. "మీ అన్నయ్య కాలిన నూనెతో ఇల్లు వెచ్చబెడుతున్నాడా! మా ఆయన మంచి నూనెతో స్టవ్వు కూడా వెలిగించలేడు" అంది నా పక్క బల్ల అక్క.

నాన్న బనియన్‌తో కూర్చున్నాడా? నిజంగా? వదినా, నీకు చెప్పలేదు గానీ, పోయినసారి నేనొచ్చినప్పుడు నాన్న చెయ్యి పట్టుకుంటే చేప పట్టుకున్నట్టుంది. ఆ చల్లదనం బస్సు దిగేదాకా నా అరచేతిలో ఉండిపోయింది. ఇక్కడేమో నేను రోజంతా ఆవిరిలో ఉడుకుతుంటాను. ఇందులో గుప్పెడు ఆ ముసలాయనకి పంపే దారి ఉంటే బాగుణ్ణు అనుకునేదాన్ని. అన్నయ్య ఆ దారి కనిపెట్టాడు. వాడికి చిన్నప్పటి నుంచీ అంతే, పారేసేది కనిపిస్తే చేతులు ఊరుకోవు.

నువ్వేమో పిరికిదానివి. కుక్కర్ కూత పెడితే కూడా గుమ్మం బయట నిలబడే మనిషివి. అలవాటైపోతుందిలే.

మసి గురించి: నీళ్ళు తగలనివ్వకు, వేలు అసలే పెట్టకు. దాని మీద ముగ్గుపిండిలాంటి మెత్తటి పొడేదైనా చల్లి, ఒక పూట వదిలేసి దులుపు. తర్వాత గిన్నెలు తోమే సబ్బు చిక్కగా రాసి, వెనక వైపు నుంచి గోరువెచ్చటి నీళ్ళు పొయ్యి. పోకపోతే ఆ ముక్క మీద పువ్వు కుట్టెయ్యి, కొనేవాళ్ళు ముచ్చటపడతారు.

నాన్నతో చెప్పు, ఆ బనియన్ ఫోటో ఒకటి నాకు కావాలి.

నీ పిచ్చుక


షెడ్డు వెనకిల్లు నుంచి
చలి ముదిరాక

పిచ్చుకా,

నువ్వు చెప్పినట్టే పొడి చల్లాను, సబ్బు రాశాను. ఒక మరక పోయింది. తిరిగి చూస్తే ఇంకో నాలుగు. ఇప్పుడు మరకలు వెతకడం మానేశాను. పొద్దున్న ముక్కు చీదితే జేబురుమాలు నల్లగా వస్తోంది. దిండు గలీబు మీద మొహం పెట్టిన చోట వదిలి చుట్టూ బూడిదరంగు. తల దిమ్ముగా ఉంటోంది. బజారుకెళ్ళి గాలి పీల్చుకుంటే తగ్గుతుంది, ఇంట్లోకి రాగానే మళ్ళీ మొదలు.

మొన్న పక్కింటావిడ ఆరేసిన బట్టలన్నీ గంపలో వేసుకుని మా గుమ్మంలోకి వచ్చింది. ఒక్క మాట అనలేదు. ఒక్కొక్కటీ తీసి నాకు చూపించి మళ్ళీ గంపలో వేసుకుని వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

ఇంతలో మీ అన్నయ్యకి పేరొచ్చేసింది. "చుక్కల పొయ్యి మేస్త్రీ" అంటున్నారు. సెలూన్‌లో పెట్టారు, టీచరమ్మ ఇంట్లో పెట్టారు, పై వీధిలో ఇంకో రెండు మూడు ఇళ్ళల్లో. ఎవరు పిలిచినా రాగి గొట్టం భుజాన వేసుకుని బయలుదేరడమే. వచ్చాక ఆ కళ్ళల్లో వెలుగు చూస్తే నాకు నోరు రాదు.

నాకు ఎక్కువ భయం మావయ్యగారితో. ఆ ట్యాపు ఇప్పుడు ఆయన చేతిలో ఉంది. కుర్చీ దాని కిందే వేయించుకున్నారు. కాస్త చల్లబడిందనిపిస్తే చాలు, లేచి తిప్పుతారు. నేను వంటింట్లోంచి వచ్చి తగ్గిస్తాను. నేను అటు తిరగగానే మళ్ళీ తిప్పుతారు. "గేరు మార్చానమ్మా, కొండెక్కే చడావు కదా" అని నవ్వుతారు. దగ్గు మాత్రం ఎక్కువైంది. దగ్గి ఉమ్మితే సిరాలా నల్లగా పడింది. ఆయన చెప్పుతో మట్టి కప్పేసి, "వాడికి చెప్పకు" అన్నారు.

చెప్పాను. "మా నాన్న వెచ్చగా పడుకుంటుంటే నీకేమిటి కష్టం?" అని మీ అన్నయ్య నన్నే అడిగారు. మా ఇద్దరి మధ్యా మాటలు తగ్గాయి.

ఆయన నా మాట వినరు. నీ మాట వింటారు. ఒక్కసారి ఆపమని రాయి. చలికి ఇంకో దారి చూద్దాం, నా బొంతలు ఎన్ని కావాలంటే అన్ని కప్పుతాను. నీ ఉత్తరం పైకి చదివి వినిపిస్తాను.

వదిన


లాండ్రీ వీధి నుంచి

వదినా,

నీ ఉత్తరం చదివి నాకు కష్టంగా ఉంది. దాచుకోవడం నాకు చేతకాదు, రాసేస్తున్నాను.

నాన్న దగ్గు కొత్తదా? మేం పిల్లలుగా ఉన్నప్పుడు దగ్గు విని నాన్న లారీ దిగాడని తెలుసుకునేవాళ్ళం. మసి కొత్తదా? కట్టెలకి మాత్రం రాదా? ఇక్కడ రోజూ నేను చూసే మురికి నువ్వు చూస్తే ఏమంటావో. తలనొప్పి వస్తే కిటికీ తియ్యి. పక్కింటావిడ బట్టలు ఇంకో వైపు ఆరేసుకోమను.

అన్నయ్య పెళ్ళయిన కొత్తలో నాన్నని మీతో ఉంచుకుందామంటే నువ్వు ఎదురు చెప్పలేదు. ఆ మాట నేనెప్పుడూ మర్చిపోను. కానీ ఇప్పుడు నువ్వు రాసింది చదువుతుంటే, ఒక ముసలాయన వెచ్చగా కూర్చోవడం నీ తెల్ల గుడ్డల కంటే తక్కువైపోయిందా అనిపిస్తోంది. అనిపించింది రాశాను. తప్పయితే తిట్టు.

పైకి చదివి వినిపిస్తానన్నావు కదా, అయితే చదువు: అన్నయ్యా, ఆపకు. నాన్నకి ఎంత కావాలంటే అంత వెచ్చగా ఉండనీ.

పిచ్చుక


షెడ్డు నుంచి

చెల్లీ,

నేను అన్నయ్యని. మీ లాండ్రీకి ఫోన్ చేద్దామంటే గాలికి స్తంభాలు పడి లైన్లు తెగాయి. బస్సులు ఆపేశారు. టపా జీపు ఒక్కటే వెళ్తోంది.

నాన్న బతికే ఉన్నాడు. ముందు అది చదువుకో. తర్వాత మిగతాది.

పొద్దున్న నేను లారీ కింద ఉన్నాను. పెద్ద చప్పుడైంది. టైరు పేలిందనుకున్నాను. "ఎవడ్రా అంత గాలి కొట్టింది?" అని కింద నుంచే అరిచాను కూడా. బయటికి జరిగి చూస్తే మన ఇంటి కిటికీ అద్దం పెరట్లో ఉంది. కిటికీలోంచి నల్లటి పొగ, చాపచుట్ట విప్పినట్టు వస్తోంది.

జరిగిందేమిటంటే, కట్టెలు అయిపోయి మంట ఆరిపోయింది. నూనె మాత్రం పడుతూనే ఉంది. పళ్ళెం ఇంకా కాలుతోంది కాబట్టి ఆ నూనె మండకుండా ఆవిరైపోయి, పొయ్యంతా తెల్లటి పొగతో నిండింది. నాన్నకి చలేసింది. మంట కనపడలేదు కాబట్టి నూనె చాలటం లేదనుకున్నాడు. ట్యాపు ఇంకా తిప్పాడు. న్యూస్‌పేపరు చుట్టి వెలిగించి, పొయ్యి తలుపు తెరిచి లోపల పెట్టాడు.

తలుపు ఊడి ఎదురు గోడకి కొట్టుకుంది. మంట నాన్న మొహం మీదికి వచ్చింది. ఎడమ చెంప, చెవి, ఎడమ చెయ్యి. కళ్ళు దక్కాయి అన్నాడు డాక్టరు.

మీ వదిన ముందు గదిలో కూర్చుని చేత్తో బొంత కుడుతోంది. వచ్చి నాన్నని చంకల కింద చేతులు వేసి బయటికి ఈడ్చింది. కుట్టే బొంతే మీద కప్పి ఆర్పింది. తర్వాత మళ్ళీ లోపలికి వెళ్ళింది. ఎందుకు వెళ్ళావే అంటే, గొట్టం ఊడిపోయి నూనె నేల మీద కారుతోందట, మంట దాని వెంటే గుమ్మం వైపు పాకుతోందట. గుమ్మం బయట పీపాలు. నిండు పీపాలు, చెల్లీ. నేను పెట్టినవే.

ట్యాపు కట్టేసింది. ఇత్తడి ట్యాపు, మంటలో ఉన్నది. గుడ్డ వెతుక్కునే టైము లేదు. ఒట్టి చేత్తో.

నేను వచ్చేసరికి వాకిట్లో నిలబడి ఉంది. కుడి చెయ్యి ముందుకి చాపి ఉంది, ఎవరికో ఏదో ఇస్తున్నట్టు. ఏడవటం లేదు. నన్ను చూసి "కట్టేశాను" అంది. అంతే.

అరచెయ్యి నేను చూశాను. నువ్వు చూడకు.

ఇంట్లో ఆ పొయ్యి పెట్టిన దగ్గర నుంచీ మీ వదిన వద్దంటూనే ఉంది. నాకు వినపడలేదు, చెల్లీ. రోజంతా ఇంజన్ల చప్పుడు విని తేడా పట్టేవాణ్ణి, ఇది వినపడలేదు.

రాయడం నాకు రాదు. ఇక్కడితో ఆపేస్తున్నాను.

అన్నయ్య


లాండ్రీ వీధి నుంచి

వదినా,

కవరు మీద అన్నయ్య చేతిరాత చూడగానే నాన్న పోయాడనుకున్నాను. అన్నయ్య నాకు ఉత్తరం రాసింది లేదు, ఈ పుట్టుకలో. బతికే ఉన్నాడన్న మాట చదివి అక్కడే కూలబడ్డాను. మిగతాది పక్క బల్ల అక్క చదివి వినిపించింది. నీ చెయ్యి దగ్గరికి వచ్చేసరికి ఆవిడ ఉత్తరం మడిచేసింది. "చదువక్కా" అన్నాను. "చదివింది చాల్లే" అంది. లాక్కుని చదివాను.

వదినా, నాకు మాటలు రావటం లేదు. పిచ్చుకకి మాటలు రాకపోవడం ఎప్పుడైనా చూశావా?

బస్టాండుకి వెళ్ళాను. కొండ దారి మూసేశారన్నారు. మర్నాడు వెళ్ళాను, అదే మాట. కౌంటర్లో మనిషి నన్ను చూడగానే తల అడ్డంగా ఊపుతున్నాడు. నడిచి వస్తానంటే మా బాసు నన్ను గదిలో పెట్టి తాళం వేస్తాడని అక్క బెదిరిస్తోంది.

నిన్న పనిలో ఆస్పత్రి దుప్పట్ల మూట విప్పాను. రోజూ విప్పేదే. ఒక దుప్పటికి కాలిన గాయాలకి రాసే పచ్చటి మందు వాసన. ఆ వాసన నాకు కొత్త కాదు, ఇన్నేళ్ళుగా సబ్బులో ముంచి మర్చిపోయేదాన్ని. నిన్న దాన్ని పట్టుకుని నిలబడిపోయాను. నాన్న ఇప్పుడు ఇలాంటి దాని మీదే పడుకుని ఉన్నాడా? ఎవరు ఉతుకుతున్నారు?

నువ్వు మరక అన్నావు. నేను సబ్బు గురించి రాశాను. నువ్వు భయం అన్నావు. నేను నిన్ను తెల్ల గుడ్డలదానివన్నాను. ఆపకు అని రాశాను, నాన్నకి ఎంత కావాలంటే అంత అని రాశాను. నాన్న ట్యాపు ఇంకా తిప్పాడు.

వదినా, ఒక్కటి చెప్పు. నన్ను కాపాడటానికి అబద్ధం చెప్పకు. నా ఉత్తరం వాళ్ళకి చదివి వినిపించావా?

పిచ్చుక


షెడ్డు వెనకిల్లు నుంచి

పిచ్చుకా,

అక్షరాలు చూసి నవ్వకు. ఎడమ చేత్తో రాస్తున్నాను. కోడి కెలికినట్టున్నా నా సొంతమే.

నీ ఉత్తరం నేనెవరికీ చదవలేదు. చదివాక ఒళ్ళు మండింది. మడిచి మిషను సొరుగులో దారపు ఉండల కింద పడేశాను. ఆ తర్వాత సొరుగుతో సహా మసైపోయింది. మావయ్యగారికి గానీ, మీ అన్నయ్యకి గానీ అందులో ఏముందో ఇప్పటికీ తెలీదు. మావయ్యగారు ట్యాపు తిప్పింది చలేసి. నీ మాట వల్ల తగిలిన దెబ్బ నా ఒక్కదానికే, అదీ అప్పుడే మానింది. ఇక దాని ఊసు ఎత్తకు, ఎత్తితే నిజంగానే తిడతాను.

ఇక్కడ జరుగుతున్నది విను. నాకు చెయ్యి కాలినప్పుడు కూడా ఇంత అదురు పుట్టలేదు.

మేం ఆస్పత్రి నుంచి వచ్చిన రోజే వీధి చివరి మనిషి ఒకాయన వాకిట్లోకి వచ్చాడు, చేతిలో ఖాళీ డబ్బా. పలకరించడానికి వచ్చాడనుకుని కుర్చీ వెయ్యమన్నాను. "కూర్చోనులెండి. మీరెలాగూ ఇంక వాడరు కదా, ఆ పీపాల్లో నూనె కాస్త నన్ను తీసుకోమంటారా?" అన్నాడు. గది తలుపు తెరిచే ఉంది. లోపల గోడలు బొగ్గులా ఉన్నాయి. నా చేతికి కట్టు. అవన్నీ చూస్తూనే అడిగాడు పిచ్చుకా! మీ అన్నయ్య లేచి, ఆ డబ్బా అతని చేతిలోంచి నెమ్మదిగా తీసుకుని, మూత బిగించి, మళ్ళీ అతని చేతికే ఇచ్చి గేటు దాకా సాగనంపారు.

మర్నాటి నుంచి మీ అన్నయ్య ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టారు, పెట్టిన గొట్టాలన్నీ ఊడబీకడానికి. టీచరమ్మ గుమ్మంలోనే ఏడ్చి, ఊడదీసి పెట్టిన గొట్టం చేతికిచ్చింది. పై వీధి వాళ్ళు సణిగినా తీయనిచ్చారు. సెలూన్ ఆయన మాత్రం ససేమిరా అన్నాడు.

"మీ ఇంట్లో ముసలాయన పొరపాటు చేశాడు. నా షాపులో ముసలాళ్ళెవరున్నారు?" అన్నాడట.

"నేను పెట్టిందే తప్పు. తీసెయ్యనివ్వు."

"పెట్టిన రోజు ఏమన్నావ్? ప్రాణానికి హామీ అన్నావ్. ఈ చలిలో వెచ్చటి కుర్చీ కోసమే జనం నా దగ్గరికి వస్తున్నారు. తీసేస్తే ఎదురు షాపుకి పోతారు. నువ్వొచ్చి గడ్డాలు గీయించుకుంటావా?"

మీ అన్నయ్య వచ్చి గుమ్మంలో కూర్చుండిపోయారు. "నేను చెప్తే నమ్మి పెట్టుకున్నాడు. ఇప్పుడు నేను చెప్తుంటే నమ్మడేమిటే?" అని నన్నడుగుతారు.

మావయ్యగారి సంగతి ఇంకోటి. ఇప్పుడు ఒట్టి కట్టెలే, ఎండినవి తెచ్చారు, మంట బాగుంది. ఆయన దాని దగ్గరికి రారు. ఎదురు మూలలో గోడకి ఆనుకుని కూర్చుంటారు. కట్టె చిటపటమన్నా ఉలిక్కిపడతారు. వణుకుతూ అక్కడే కూర్చుంటారు గానీ రారు.

నా చెయ్యి పెద్దాస్పత్రిలో చూపించమన్నారు, వేళ్ళు ముడుచుకుపోకుండా తోలు వెయ్యాలట. బస్సులు తిరుగుతున్నాయని చెప్పారు. నేను అక్కడికి వస్తాను, నీ గదిలో ఉంటాను. నువ్వు ఇక్కడికి రా. ఇద్దరం ఒకేచోట ఉంటే ఈ మగాళ్ళని చూసేదెవరు? తాళం పక్క బల్ల అక్కకి ఇచ్చి బయలుదేరు.

వదిన


షెడ్డు వెనకిల్లు, కొండ మీద నుంచి

వదినా,

ఆస్పత్రిలో ఏమన్నారో అక్క చేత రాయించి పంపావు, అందింది. తొడ మీద తోలు తీసి అరచేతికి వేశారా! చదువుతుంటే నా కాలు లాగింది. కుట్టుపని గురించి డాక్టర్ని అడిగావట, మిషను చక్రం తిప్పగలనా అని. తిప్పుతావు. మెల్లగా తిప్పుతావు.

నేను వచ్చిన రోజు సంగతి నీకు రాయలేదు. అన్నయ్య బస్టాండుకి వచ్చాడు. ఎవరో పెద్దాయన నా సంచీ అందుకుంటున్నాడే అనుకున్నాను. అన్నయ్యే. అంత వంగిపోయాడు.

ఇంట్లోకి అడుగుపెట్టి నేను నిర్ఘాంతపోయాను. కాలిన గది అలా ఉంటుందని అనుకునే వచ్చాను. నేను చెప్పేది ఆ గది కాదు. మంట తగలని వంటింట్లో, నీ గిన్నెల అలమారు తుడుద్దామని తడిగుడ్డ పెట్టాను. గుడ్డ నల్లగా అయిపోయింది. లోపలి అర, మూత వేసిన పప్పు డబ్బా, నీ పెళ్ళి ఫోటో వెనక, నాన్న దిండు కుట్టు విప్పితే లోపలి దూది! అన్నిట్లోనూ అదే. ఇది పేలిన రోజు మసి కాదు వదినా, అంతకుముందు రోజులది. ఇదంతా మీరు పీల్చారు. ఏళ్ళ తరబడి మురికి చూసి బతికినదాన్ని, ఇలాంటిది చూడలేదు. ఆ గుడ్డ పట్టుకుని వంటింట్లో ఎంతసేపు నిలబడ్డానో తెలీదు.

పక్కింటావిడ ఇంటికి వెళ్ళి, ఆవిడ బట్టలు గంపతో తెచ్చి నేనే ఉతికాను. ఆవిడ నా పక్కన కూర్చుని పిండింది. అప్పుడు కూడా ఒక్క మాట అనలేదు. వెళ్ళేటప్పుడు నీ చెయ్యి ఎలా ఉందని అడిగింది.

ఇక అసలు సంగతి, నిన్నటిది.

అన్నయ్య మళ్ళీ సెలూన్‌కి వెళ్ళి మళ్ళీ ఊరికే వచ్చాడు. నాన్న మూలలో కూర్చుని అంతా విన్నాడు. "ఏరా, వాడు ఏమంటాడు?" అన్నాడు.

"ముసలాయన పొరపాటు అంటాడు నాన్నా."

నాన్న లేచి చెప్పులు వేసుకున్నాడు. "గడ్డం పెరిగిపోయింది. పిచ్చుకా, నన్ను సెలూన్‌కి తీసుకెళ్ళు" అన్నాడు. ఆస్పత్రి నుంచి వచ్చాక గుమ్మం దాటని మనిషి. బయట గాలి కోస్తోంది. తల మీదుగా శాలువా కప్పబోయాను. తీసేశాడు.

సెలూన్ నిండా జనం. ఆ హోరు గుమ్మంలోకే వినిపించింది. వదినా, నువ్వు రాసిన హోరు అదేనా? నాన్న కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. నా మణికట్టు పట్టుకున్నాడు, గోళ్ళు దిగాయి. "పోదాం నాన్నా" అన్నాను. "ఉండు" అని, నా చెయ్యి వదిలేసి, ఒక్కడే లోపలికి నడిచాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను.

కుర్చీలో మనిషి లేచాడు. నాన్న కూర్చున్నాడు. పొయ్యి ఆయన వీపు వెనకే ఉంది. మొహానికి ఉన్న మెత్తటి కట్టు తనే విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"గడ్డం గియ్యి" అన్నాడు.

సెలూన్ ఆయన సబ్బు నురగ కలిపి, బ్రష్షు పట్టుకుని ముందుకి వచ్చాడు. వచ్చి, చూశాడు. కుంకుడు తొక్కలా ముడతలు పడ్డ ఆ చెంప, చెవి ఉండాల్సిన చోటు. బ్రష్షు మీద నురగ జారి నేల మీద పడింది.

"ఎక్కడ పెట్టాలో చూసుకుని పెట్టు" అన్నాడు నాన్న.

"పెద్దడ్రైవరు గారూ..." అన్నాడు ఆయన. అంతకంటే రాలేదు.

"పొరపాటు నాదే. కాదనను. మంట ఆరింది, చూసుకోలేదు. నీ షాపులో అది ఆరినప్పుడు నువ్వు కత్తెర పట్టుకుని ఉంటావు, వీళ్ళు కబుర్లలో ఉంటారు. ఎవడో ఒకడు లేచి అగ్గిపుల్ల గీస్తాడు. వాడు ఈ కుర్చీలో ఉన్నవాడు కూడా కావచ్చు."

అప్పుడే పొయ్యిలో ఒక చుక్క పెద్దది పడిందో ఏమో, భుక్కుమంది. అంతే, నాన్న కుర్చీలోంచి కిందపడ్డాడు. రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని, చిన్నపిల్లాడిలా ముడుచుకుపోయి, గొంతులోంచి ఒక అరుపు. నేను ఈ వయసు దాకా నాన్న నోటి నుంచి అలాంటి అరుపు వినలేదు. మనిషి అరుపులా లేదు. నేను పరిగెత్తి పట్టుకున్నాను. బల్ల మీద వరసగా కూర్చున్నవాళ్ళంతా లేచి నిలబడ్డారు.

సెలూన్ ఆయన బ్రష్షు అక్కడే వదిలేసి, వెళ్ళి ట్యాపు కట్టేశాడు. డబ్బా గోడ మీద నుంచి ఊడలాగి, రెండు చేతులతో పట్టుకుని బయటికి తీసుకెళ్ళి, వీధి అవతల పెట్టి వచ్చాడు. అతని చొక్కా నిండా నూనె. ఎవరో "ఇంకొంచెంసేపు ఉంచితే మా గడ్డాలయ్యేవి కదా" అని గొణిగారు. "నోరు ముయ్యి" అన్నాడు సెలూన్ ఆయన, గట్టిగా కూడా కాదు.

పొయ్యి మెల్లగా చప్పబడింది. మంట పూర్తిగా ఆరేదాకా అందరం అలాగే నిలబడి చూశాం. అద్దాల మీద ఆవిరి తగ్గి వీధి కనిపించసాగింది. చలి లోపలికి వచ్చింది. ఎవరూ వెళ్ళలేదు.

నాన్న నెమ్మదిగా లేచి, మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు. "ఊఁ" అన్నాడు. సెలూన్ ఆయన నురగ మళ్ళీ కలిపి, కుడి చెంప ఒక్కటే గీశాడు. మంచి చెంప. అంత జాగ్రత్తగా ఎవరికైనా గడ్డం గీయడం నేను చూడలేదు. గీస్తున్నంతసేపూ అతని కళ్ళలోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

అన్నయ్య కబురు తెలిసి పరిగెత్తుకుంటూ వచ్చాడు. వీధిలో డబ్బా చూశాడు, లోపల నాన్నని చూశాడు, గుమ్మం పట్టుకుని నిలబడిపోయాడు. ఇంటికి మేం ముగ్గురం కలిసి నడిచాం. కట్టు మళ్ళీ కడతానంటే నాన్న వద్దన్నాడు, గాలి తగలనిమ్మన్నాడు. వీధి పొడుగునా కిటికీల్లోంచి చూశారు. కొందరు మొహం తిప్పుకున్నారు. నాన్న మాత్రం ఎవరి నుంచీ మొహం తిప్పుకోలేదు.

పిచ్చుక